వరస తప్పిన గోడ

రికార్డుల దుకాణం మంచిదో కాదో గడప దాటగానే ముక్కే చెప్పేస్తుందని ఆయన నమ్మకం. పాత అట్టల వాసన, దాని అడుగున పలచగా పాతకాలపు రికార్డుల లక్క వాసన తగిలితే నిలబడవచ్చు. కాఫీ వాసన కొట్టిందంటే అక్కడ రికార్డులు గోడకి అందం కోసం ఉన్నాయని అర్థం. వచ్చిన దారినే వెనుదిరగవచ్చు. అట్టమీదే ధరచీటీ అతికించి, పీకబోతే పాటగత్తె బుగ్గ ఊడివచ్చేట్టు చేసేవాళ్ళనీ, రికార్డులని నిలబెట్టకుండా ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టేవాళ్ళనీ, కొనడానికి వచ్చినవాడి వీపు వెనకాల నిలబడి ప్రతి పాటకీ తమ తొలిప్రేమ కథ చెప్పేవాళ్ళనీ ఆయన మనుషుల్లో లెక్కవేయడు.

అన్నిటికంటే ముఖ్యం వరస. వరస ఉన్న దుకాణంలో ఒక పేరు కోసం వెళ్ళినవాడికి పక్కపేరు పరిచయమవుతుంది. వరస లేని దుకాణం పాతసామాన్ల కొట్టు.

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం ఆయన వృత్తి. దిద్దే చెయ్యి ఊరుకోదు. ఏ దుకాణానికి వెళ్ళినా చోటు తప్పిన రికార్డు కనబడితే అడగకుండానే తీసి అక్షరక్రమంలో దాని చోట పెట్టేవాడు. అందుకే రికార్డులు పోగుచేసే వాళ్ళందరూ ఆయన్ని ‘సవరణ’ అనేవారు. వెక్కిరింతగా పెట్టిన పేరే అయినా ఆయన దాన్ని బిరుదు కిందే పుచ్చుకున్నాడు. తీరిక వేళల్లో పాతకాలపు గాయకుల జీవితాల గురించి వ్యాసాలు రాసేవాడు. రెండు ఆధారాలు లేనిదే తన పుట్టినరోజునైనా ఒప్పుకునే మనిషి కాదు. ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే, “చూసినవాడెవడు, ఎప్పుడు చూశాడు, ఆ రోజు వాడికి జ్వరం ఉందా లేదా?” అని అడిగేవాడు. మూడో ప్రశ్న దగ్గర చాలా దెయ్యాలు రాలిపోయేవి.

ఆయనకి లోకంలో మిగిలింది అక్క, అక్క కూతురు. తల్లి లేని పిల్లవాణ్ణి చంకనేసుకుని పెంచింది అక్క. పందొమ్మిదేళ్ళ వయసులో ఆమె ఒకే ఒక్క పాట రికార్డుకి ఇచ్చింది. ఆ కంపెనీ త్వరలోనే మూతపడింది. ఇంట్లో ఉన్న ఒక్క ప్రతీ ఇల్లు మారేటప్పుడు విరిగింది. అప్పుడు ఎవరూ బాధపడలేదు. మనిషి ఎదురుగా ఉంది, గొంతు ఉంది, వంటింట్లోంచి పొద్దస్తమానం వినబడుతూనే ఉంది.

పోయిన చలికాలంలో డాక్టర్లు అక్క గొంతులోంచి స్వరపేటిక తీసేసి, ఊపిరి కోసం మెడమీద చిన్న రంధ్రం ఉంచి, దానిమీద గుడ్డ కట్టారు. జబ్బు వదిలింది, దానితోపాటు మాటా వదిలింది. ఒళ్ళో చిన్న పలక పెట్టుకుని, కావలసింది రాసి చూపించేది. రాతలోనూ వేళాకోళం తగ్గలేదు. ‘ఇప్పుడు మీ ఇద్దరూ పోట్లాడుకున్నా నేను మధ్యలో మాట్లాడను’ అని రాసి నవ్వేది. ఒకరోజు కూతురు గదిలో లేనప్పుడు మాత్రం తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి వేరే మాట రాసింది.

‘నా గొంతు ఎలా ఉండేదో మర్చిపోతున్నానురా.’

ఆయన చదవగానే అరచేత్తో తుడిచేసింది.

అప్పటినుంచీ ఆయన తొక్కని దుకాణం లేదు. ఎక్కడా దొరకలేదు. చివరికి గడియారాలు బాగుచేసే మిత్రుడొకడు ఆచూకీ చెప్పాడు.

“బస్టాండు వెనకాల, టైలరు కొట్టు కింద సెల్లారులో ఒకావిడ అమ్ముతుంది. ఎక్కడా దొరకనివన్నీ అక్కడ ఉంటాయంటారు. నీకు ఆ కొట్టు నచ్చదు. ఆవిడకి నువ్వు నచ్చవు. నాకు మాత్రం మంచి కాలక్షేపం.”

ఆయన వెళ్ళిన మధ్యాహ్నం వాన పట్టింది. టైలరు కొట్టు పక్కనుంచి ఇరుకైన మెట్లు కిందికి దిగాయి. తలుపు తెరవగానే ఆగి వాసన చూశాడు. పాత అట్ట, లక్క. బాగుంది. కానీ వాటి కింద ఇంకేదో ఉంది. చాలామంది చాలాసేపు కూర్చుని లేచివెళ్ళిన గదిలో మిగిలే వెచ్చటి వాసన. దుకాణంలో మాత్రం ఒకే ఒక్క మనిషి ఉంది. బల్ల వెనకాల కూర్చుని, మెత్తటి గుడ్డతో రికార్డు తుడుస్తోంది. తల ఎత్తలేదు.

“ఏం కావాలి?”

“చూస్తున్నానండి.”

“చూడ్డానికి పార్కులున్నాయి. ఇక్కడ ఏం కావాలో చెప్పాలి.”

ఆయన గోడవైపు చూశాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చెక్క అరలు, నిండా రికార్డులు. నిలబెట్టే ఉన్నాయి, అంతవరకూ మెచ్చుకోవచ్చు. కానీ నాటకాల పాటల పక్కన ఫిడేలు, దాని పక్కన జోలపాటలు, మళ్ళీ నాటకాలు. పేరు వరస కాదు, కాలం వరస కాదు, కంపెనీ వరసా కాదు. ఆయన వేళ్ళ కొసల్లో జిల పుట్టింది.

“ఏది ఎక్కడుందో తెలిస్తేగా చెప్పడానికి? ఇదేం సర్దుడమ్మా, గాలివాన వచ్చి సర్దిపోయినట్టుంది.”

“మీకు తెలియనంత మాత్రాన వరస కాకుండా పోతుందా?”

“ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను.”

“చెప్పను.”

అంత నికరమైన అమర్యాద ఆయనకి ఈమధ్య ఎదురు కాలేదు. కోపం దిగమింగి అక్క పాట మొదటి మాటలు చెప్పాడు. ఆవిడ గుడ్డ ఆగింది. మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

“ఆవిడ మీకేమవుతుంది?”

“అక్క.”

“గోడలో వెతక్కండి. అక్కడ లేదు. ఆ మూల, కింద, చెక్కపెట్టెలో ఉంటుంది.”

పెట్టె ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. నాలుగైదు రికార్డులు తిరగేశాడో లేదో దొరికింది. అట్ట లేదు. నల్లటి పళ్ళెం, మధ్యన పాలిపోయిన ఎర్రటి చీటీ, దానిమీద పెళ్ళికి ముందు అక్క ఇంటిపేరు. పక్కనే ఉన్న ప్లేయరుమీద పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముల్లు దించాడు.

పెనంమీద నీటిచుక్కలు పడ్డట్టు చిటపటలు. తరవాత అక్క.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పల్లవి ఎత్తుకోవడంలో కాస్త తొందర ఉంది. ఎవరో పిలుస్తున్నారు, త్వరగా పాడేసి పోవాలన్నట్టు. ఆ తొందరని ఆయన పూర్తిగా మర్చిపోయాడు. బడికి టైమైపోతోందని తల దువ్వేటప్పుడు ఆ గొంతులో వినబడిన తొందర అదే. పాట అయిపోయేసరికి కండువా కొసతో ముఖం తుడుచుకోవలసి వచ్చింది.

“దీనికి అట్ట లోపల ఉంది, తెస్తాను,” అంటూ ఆవిడ లేచింది. “ఈలోగా దేన్నీ ముట్టుకోకండి.”

లోపలిగది తలుపు మూసుకుంది. వెతుకుతున్న చప్పుడు వినబడింది. చాలాసేపు వినబడింది.

ముట్టుకోవద్దంటే ఆయన నిజంగానే కొంతసేపు ముట్టుకోలేదు. కానీ కళ్ళకెదురుగా, సరిగ్గా ఛాతీ ఎత్తున ఉన్న అర చిందరవందరగా పళ్ళికిలిస్తోంది. ఒక్కటి తీశాడు. దాన్ని పెట్టాలంటే ఇంకొకటి జరపాలి. కాసేపటికి ఆ అర మొత్తం నేలమీదకి దిగి, అక్షరక్రమంలో తిరిగి పైకి ఎక్కింది. ఏది ఎక్కడినుంచి తీశాడో గుర్తుపెట్టుకోలేదు. తప్పుని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అప్పుడొక ఆలోచన వచ్చింది. అసలు న్యాయంగా నడిచే దుకాణంలో మా అక్క ఎక్కడ ఉండేది? వేలితో అర వెంట వెతుక్కుంటూ వెళ్ళాడు. మైకు లేకుండా హాలు దద్దరిల్లించిన ‘కంచుగొంతు’కీ, రాజుగారు పల్లకీ పంపితే నడిచివస్తానన్న ‘పట్టుశాలువా’ ఆవిడకీ సరిగ్గా మధ్యన! వంటింట్లో పాడుకున్న మనిషి, అంతటివాళ్ళ మధ్య. ఒక్క క్షణం అక్కడ పెట్టి, చూసి మురిసి, తీసేద్దామనుకున్నాడు. రెండు రికార్డుల మధ్య వేళ్ళతో సందు చేసి, ప్లేయరుమీంచి తెచ్చి అక్కని అక్కడ నిలబెట్టాడు.

వాన చప్పుడు ఆగిపోయింది.

తగ్గడం కాదు. కత్తితో కోసినట్టు ఆగింది. లోపలిగదిలో వెతుకుతున్న చప్పుడు కూడా ఆగింది. నెత్తిమీద బల్బు ఎర్రబడి, సన్నబడి, దారంలా మిగిలింది. వెచ్చటి వాసన చిక్కబడింది. ఎవరో ముఖంలో ముఖం పెట్టి నిలబడ్డట్టుంది.

తరవాత వినబడింది… సన్నగా, దోమ పాటలాగా.

గోడలోంచి.

ముల్లు లేదు. ప్లేయరు తిరగడం లేదు. ఆయన చెవి దగ్గరగా పెట్టాడు. పాట కాదది. చాలా గొంతులు, ఒకదానిమీద ఒకటి పడుతూ, గొణుగుతున్నాయి. బస్సు క్యూలో మధ్యన ఎవరో దూరితే వెనకవాళ్ళు గొణిగినట్టు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ ఒక చేతిలో అట్ట, ఇంకో చేతిలో టార్చి పట్టుకుని నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“ఎవరు ముట్టుకున్నారు దీన్ని?”

“నేనే. అక్షరక్రమంలో పెట్టాను. మీకు మేలే చేశాను.”

“ఈ గోడమీద ఉన్నవాళ్ళందరూ పోయినవాళ్ళు,” అంది గుసగుసగా. “పోయిన వరసలో నిలబడ్డారు. ఎవరి వెనక ఎవరో వాళ్ళకి తెలుసు.”

ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం అలవాటు గనక పరీక్షించాడు. చెయ్యి పెట్టని కింది అరమీద టార్చి వేయించి పేర్లు చదివాడు. ఈయన కలరా వచ్చిన ఏడు. ఈమె ఆ తరవాతి వేసవి. పడవ మునిగి ఒకేసారి పోయిన ఫిడేలు అన్నదమ్ములు పక్కపక్కనే, పెద్దవాడు ముందు, చిన్నవాడు వెనక. ఏళ్ళ తరబడి సమాధి రాళ్ళూ పాత పత్రికలూ వెతికి ఆయన సంపాదించిన తేదీలన్నీ ఆ అరలో వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు.

“మరి… ఆ చెక్కపెట్టె?”

“అది బతికున్నవాళ్ళది.”

ఆయన చెయ్యి దానంతటదే అక్క రికార్డు మీదికి పోయింది. లాగాడు. రాలేదు. ఇందాక వేళ్ళతో చేసిన సందు లేదు. కంచుగొంతూ పట్టుశాలువా రెండు పక్కలనుంచీ ఒత్తి పట్టుకున్నారు. రెండు చేతులా లాగాడు. పళ్ళెం అంచు వేళ్ళకి వెచ్చగా తగిలింది.

జేబులో ఫోను మోగింది. మేనకోడలు.

“మామయ్యా, ఎక్కడున్నావ్? అమ్మ అదోలా అయిపోతోంది… ముఖం నల్లబడుతోంది…”

“అంబులెన్సుకి చెప్పావా?”

“చెప్పాను, రోడ్డంతా నీళ్ళట. మామయ్యా, పలకమీద ఏదో రాస్తోంది. ఒకటే మాట.”

“ఏం మాట?”

“ఇరుకు. ఇరుకు, ఇరుకు, ఇరుకు… అంతే రాస్తోంది. గదిలో నేనూ తనూ తప్ప ఎవరూ లేం. మంచంమీద తన పక్కనంతా ఖాళీగానే ఉంది…”

ఆయన స్పీకరు వేసి ఫోను బల్లమీద పెట్టాడు. “ఇది ఎలా వస్తుంది? చెప్పండి.”

“ఎవరి చోటికి వాళ్ళు వెళితే సందు వస్తుంది.”

“వరస మీకు తెలుసుగా!”

“తెలుసు. చెప్పను. సవరించింది మీరు.”

ఆవిడ టార్చి గోడవైపు పట్టుకుని నిలబడింది. ఆ ఒక్క సాయమే చేసింది. తిట్టడానికి కూడా సమయం లేదు. ఆయన అరలో ఆ కొసనుంచి రికార్డులు తీయడం మొదలుపెట్టాడు. జీవితమంతా పోగుచేసిన చావుల తేదీలు ఒకదాని వెనక ఒకటి గుర్తు తెచ్చుకున్నాడు. యుద్ధం మొదలైన నెలలో పోయిన నాటకాలాయన ముందు. ఆయన తరవాత విషజ్వరంతో పోయిన జోలపాటలావిడ. సరైన చోట పెట్టినప్పుడల్లా గోడలో ఒక గొంతు మూగపోయింది. తప్పు చోట పెడితే మిగిలినవన్నీ పెరిగాయి. చెమట కళ్ళలోకి కారింది. కంచుగొంతు కూడా పట్టు వదిలి, తన చోటికి వెళ్ళి, నోరు మూసుకున్నాడు.

ఒక్కటే మిగిలింది. పట్టుశాలువా.

ఈవిడ సంగతి ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. యుద్ధం మొదటి ఏడు నాటకశాల తగలబడినప్పుడు ఆమె లోపలే ఉందని పెద్ద వ్యాసం రాశాడు. కాదు, బయటపడిందనీ, మారుపేరుతో ఇరవయ్యేళ్ళు ఎక్కడో పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతికిందనీ ఒక రిటైరైన బడిపంతులు జవాబు రాస్తే, ఆ ముసలాయన్ని పత్రికాముఖంగా కడిగి ఆరేశాడు. ‘అభిమానం ఆధారం కాదు’ అన్న వాక్యం తనకే ఎంతో నచ్చింది. పంతులు మళ్ళీ కలం పట్టలేదు.

ఆయన పట్టుశాలువాని నాటకశాల తగలబడిన ఏడాదిలో పెట్టాడు.

గొణుగుడు ఆగలేదు. ఒకే గొంతు ఇప్పుడు, ఆడగొంతు. పాట కాదు, మాట కాదు. ఆవిడ నవ్వుతోంది.

బల్లమీద ఫోనులోంచి మేనకోడలు ఏడుస్తోంది. “అమ్మా, బలపం వదిలెయ్యి… అమ్మా…”

ఇంకొంచెం ముందుకి జరిపాడు. నవ్వు. ఇంకొంచెం వెనక్కి. నవ్వు. తన తేదీ తప్పయ్యే వీలే లేదు. రెండు ఆధారాలున్నాయి. మరణవార్త ఉంది, నాటకశాల యజమాని వాంగ్మూలం ఉంది…

“మీ అక్క కంటే మీ వ్యాసం గొప్పదా?” అంది వెనకనుంచి ఆవిడ, చాలా మెల్లిగా.

ఆయన పళ్ళు బిగించి ఆ రికార్డు ఊడబెరికాడు. అర ఈ కొసకి, పంతులు చెప్పిన ఏడాదికి తెచ్చి, నిలబెట్టి, తోశాడు.

నిశ్శబ్దం.

అక్క రికార్డు ఒంటరిగా పక్కకి వాలింది. తీస్తే దూదిలా వచ్చింది. నెత్తిమీద వాన మళ్ళీ మొదలైంది. బల్బు తెల్లబడింది.

“మామయ్యా!” ఫోనులో మేనకోడలి గొంతు. “తేరుకుంది. కళ్ళు తెరిచింది. మామయ్యా, నన్ను చూసి నవ్వుతోంది…”

ఆయన బల్లకి ఆనుకుని నిలబడిపోయాడు. ఆవిడ రికార్డుని అట్టలో పెట్టి అందించింది. ముఖంలో కోపం లేదు, జాలీ లేదు.

“వాళ్ళు మీ అక్కకి దారి ఇచ్చారని సంబరపడకండి,” అంది. “ఎందుకు ఇచ్చారో నాకు తెలియదు. ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు.”

ఇంటికి చేరేసరికి అంబులెన్సువాళ్ళు వచ్చి చూసి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్ళిపోయారు. అక్క దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. గొంతుకి కట్టిన గుడ్డ కొత్తగా మార్చారు. తమ్ముణ్ణి చూడగానే పలక అందుకుంది.

‘తడిసిపోయావు. తల తుడుచుకో, వెధవా.’

ఆ తిట్టు చదివి ఆయన పసివాడిలా ఏడ్చాడు. సెల్లారు సంగతి చెప్పలేదు. రేపు పగటి వెలుగులో ఆలోచిస్తే దేనికైనా కారణం దొరుకుతుంది. ఆ గదికి గాలి లేదు, తనకి పొద్దుటినుంచి ఆకలి. అట్టలోంచి రికార్డు తీసి చూపించాడు. అక్క ఎర్రటి చీటీమీద వేలు పెట్టి, ఇంటిపేరు తడిమింది. ఆమె కళ్ళు అలా వెలగడం చూసి చాలాకాలమైంది.

“అమ్మ గొంతు నేనెప్పుడూ రికార్డులో వినలేదు,” అంటూ మేనకోడలు ముల్లు దించింది.

పందొమ్మిదేళ్ళ అక్క తొందరగా పల్లవి ఎత్తుకుంది. మంచంమీది అక్క కళ్ళు మూసుకుని దుప్పటిమీద తాళం వేసింది. పాట అయిపోగానే వేలు గాలిలో తిప్పింది, ఇంకోసారి అని. మేనకోడలు మళ్ళీ పెట్టింది. పల్లవి అయింది. మొదటి చరణం సగంలో ఉండగా పళ్ళెంమీద దుమ్ము కనబడి, తుడుద్దామని, ముల్లు ఎత్తి రికార్డు చేతిలోకి తీసుకుంది.

పాట ఆగలేదు.

చరణం పూర్తయింది. పల్లవికి వచ్చింది. రెండో చరణం ఎత్తుకుంది. ఆ పాటకి రెండో చరణం లేదు.

మేనకోడలు చేతిలోని రికార్డుని చూసింది. ప్లేయరుని చూసింది. ఆయన మాత్రం మంచంవైపు చూశాడు.

అక్క పెదవులు మూసే ఉన్నాయి. రెండు చేతులతో గొంతుమీది గుడ్డని అదిమి పట్టుకుంది. బలమంతా పెట్టి అదుముతోంది. కళ్ళు తమ్ముడి ముఖంమీదే ఉన్నాయి, ఆపమని. వేళ్ళ సందుల్లోంచి పాట తియ్యగా, తొందరగా వస్తూనే ఉంది, దాని అడుగున గోడలో విన్న ఆ నవ్వు. చరణం మధ్యలో ఊపిరి తీసుకోవలసిన చోట ఆగింది…

రెండు ఊపిరులు వినబడ్డాయి.